ఇంటిలో ఎగురు పాతకాలపు విమానములు

వేడుకలు పలువిధములు. ఒకరు తపాలాబిళ్లలు కూర్చుదురు. ఒకరు పాత గ్రామఫోను రికార్డులు వెదకి తెచ్చి దాచుకొందురు. ఒకరు పెరటిలో గులాబీ అంట్లు కట్టుదురు. ఇంటిలోనివారికి ఇవి యొకప్పుడు ముచ్చటగాను, ఒకప్పుడు విసుగుగాను తోచుచుండును. ఇటీవలి కాలమున కొన్ని యిండ్లలో మఱియొక వేడుక ప్రవేశించినది. రాత్రి భోజనములైన తరువాత ఇంటి యజమాని కంప్యూటరు ముందు కూర్చుండి తలుపు దగ్గఱగా వేసికొనును. లోపలినుండి పెద్ద ఇంజనుల మ్రోత వినవచ్చుచుండును. రెండుమూడు గంటల వఱకు ఆయన వెలుపలికి రాడు. ఏమి చేయుచున్నారని యడిగినచో "కైరో పోవుచున్నాను" అనియో, "నాగపురము చేరుటకు ఇంక నలువది నిమిషములున్నది" అనియో బదులు వచ్చును.

ఆయన నడుపుచున్నది విమానమును అనుకరించు ఒక యేర్పాటు. దానిని సిమ్యులేటరు అందురు. అందును నేటి జెట్టు విమానము కాదు; మన తాతల నాటి ప్రొపెల్లరు విమానము. ఈ వేడుకయందు సారమేమైన కలదా, లేక కాలహరణము మాత్రమేనా, గృహిణులమైన మనము దీనిని ఏ విధముగ చూడవలయును, అను విషయమును గూర్చి మా పాఠకురాండ్రతో నించుక ముచ్చటింపదలచితిమి.

ఈ అనుకరణయంత్రము నిన్నమొన్న పుట్టినది కాదు. అమెరికాలో ఎడ్విన్ లింకు అను యువకుని తండ్రి పియానోలును, ఆర్గనులును చేయు కర్మాగారము నడుపుచుండెను. కుమారునకు విమానము నడుపుట నేర్చుకొనవలెనని కోరిక మెండు. కాని ఆ విద్యకు అగు వ్యయము అధికము. అందుచేత అతడు 1929వ సంవత్సరమున ఆర్గనునకు వాడు తిత్తులను, గాలిపంపులను ఉపయోగించి ఒక చిన్న పెట్టెవంటి విమానమును చేసెను. మన హార్మోనియములో తిత్తి ఊదిన స్వరము పలుకునట్లే, ఇందు తిత్తులు నిండినపుడును, వాలినపుడును పెట్టె ప్రక్కలకు ఒరుగును, ముక్కు పైకెత్తును. సంగీతవాద్యముల పనితనమే విమానవిద్యకు తొలి బడి యయ్యెనన్న మాట. 1934లో అమెరికా సైన్యము తపాలా మోయు పనికి పూనుకొని, మంచులోను మబ్బులలోను పెక్కుమంది చాలకులను పోగొట్టుకొనిన తరువాత ఈ పెట్టెలను కొనెను. రెండవ ప్రపంచయుద్ధమున వేలకొలది చాలకులు వీనిలో కూర్చుండియే చీకటిలో దారి తెలిసికొనుట నేర్చిరి.

మన కిందు గమనింపదగినది మఱియొకటి కలదు. ఆ యుద్ధకాలమున అమెరికా నౌకాదళమునందు చేరిన స్త్రీలలో కొందఱు ఈ లింకు యంత్రములపై శిక్షకురాండ్రుగా పనిచేసిరి. యుద్ధమునకు విమానము తోలుటకు వారికి హక్కు లేదు. తోలువారికి గురువులగుటకు మాత్రము అర్హత కలిగెను. ఇట్టి విచిత్రములు స్త్రీలకు క్రొత్తవి కావు.

గృహములకు ఈ విద్య వచ్చుట కంప్యూటరుల వలన జరిగినది. బ్రూస్ ఆర్ట్‌విక్ అను నతడు చిన్న కంప్యూటరుల కొఱకు వ్రాసిన కార్యక్రమమును మైక్రోసాఫ్టు సంస్థ 1982లో తన పేర వెలువరించెను. నాడు తెరపై గీతలు మాత్రమే. గీతలలో ఒక నేల, గీతలలో ఒక వంతెన. 2003లో, రైటు సోదరుల తొలి యెగురుటకు నూఱేండ్లు నిండిన సందర్భమున, ఆ సంస్థ పాతకాలపు విమానములను చేర్చి యొక ప్రత్యేక కూర్పును ప్రకటించెను. 2020లో వచ్చిన కూర్పున భూగోళమంతయు ఉపగ్రహచిత్రములనుండి గ్రహింపబడి తెరపైకి వచ్చినది. మన ఊరి చెరువును, కాలువను, రైలుకట్టను గుర్తింపవచ్చును. ఇదిగాక ఎక్స్-ప్లేన్ అనునది కలదు. ఫ్లైట్‌గేర్ అనునది ఎవరైనను వెల చెల్లింపకయే వాడుకొనవచ్చును. పాత విమానములను మేకుమేకును చూచి అనుకరించు ప్రత్యేక నిపుణులును గలరు. పి.ఎం.డి.జి. వారి డి.సి.-6, ఏ.2.ఏ. వారి కాన్‌స్టెలేషను ఈ వేడుక గలవారిలో మిక్కిలి పేరు పొందినవి.

ఇంతకును ఆ విమానము లెట్టివి? మొదట చెప్పదగినది డగ్లసు కంపెనీవారి డి.సి.-3. ఇది 1935వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన తొలుత ఎగిరెను. రైటు సోదరులు ఎగిరిన నాటికి సరిగా ముప్పదిరెండేండ్లు. రెండు ఇంజనులు; రెక్కల కొసనుండి కొసకు 95 అడుగులు; ఇరువదియొక్క మంది ప్రయాణికులకు ఆసనములు. యుద్ధమునకై చేసినవానితో కలిపి ఈ జాతి విమానములు పదివేలకు పైగా తయారైనవి. యుద్ధానంతరము మిగిలినవానితో లోకమందలి విమానసంస్థ లెన్నియో పుట్టినవి. మన దేశమున దీనిని డకోటా అనుచుండిరి. 1945లో హైదరాబాదు సంస్థానమున ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేసువారు బేగంపేటనుండి నడిపినవి ఈ డకోటాలే.

దానికంటె పెద్దది లాక్‌హీడువారి కాన్‌స్టెలేషను. ఇది తొలుత ఎగిరినది 1943లో. నాలుగింజనులు, చేపవలె వంపుదేలిన దేహము, తోకపై మూడు చుక్కానులు. 1948 జూన్ 8వ తేదీ రాత్రి ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి తొలి విమానము "మలబార్ ప్రిన్సెస్" ఈ జాతిదే. బొంబాయినుండి కైరో, జెనీవాల మీదుగా లండను చేరెను. ఇక బోయింగువారి స్ట్రాటోక్రూయిజరు రెండంతస్తుల మేడ. మెట్లు దిగి క్రింది విశ్రాంతి గదిలోనికి పోవచ్చును. దాని యొక్కొక్క ఇంజనుకు ఇరువదియెనిమిది సిలిండరులు, ఏబదియాఱు స్పార్కు ప్లగ్గులు. నాలుగింటికి కలిపి రెండువందల యిరువదినాలుగు. వీనిలో ఏ ఒక్కటి చెడినను ఎవరో ఒకరు కనిపెట్టవలయును గదా! అందుకే నాటి పెద్ద విమానములలో చాలకులతోపాటు ఇంజనుల బాగోగులు చూచుటకు ఒక ఇంజనీరును, దారి లెక్కించుటకు ఒక మార్గదర్శియు కూర్చుండెడివారు. 1958 తరువాత జెట్టులు వ్యాపించినవి. కాలక్రమమున ఆ యిద్దఱి కుర్చీలును తొలగింపబడినవి.

జెట్టును విడిచి దీనిని పట్టుకొని వ్రేలాడుట ఎందులకు? వంటయింటి పోలికతో చెప్పిన మన పాఠకురాండ్రకు సులభముగ బోధపడును. గ్యాసు పొయ్యి మర త్రిప్పిన మంట వచ్చును, త్రిప్పిన తగ్గును. కట్టెల పొయ్యి అట్లు కాదు. పుల్ల పచ్చిదా యెండుదా, గాలి ఎటునుండి వచ్చుచున్నది, ఎప్పుడు కట్టె వెనుకకు లాగవలెను, ఎప్పుడు నిప్పులపై మగ్గనీయవలెను, ఇవన్నియు వండునామె కంటితోను చెవితోను కనిపెట్టుచుండవలెను. పాత విమానము కట్టెల పొయ్యివంటిది.

డకోటా ఇంజనును మేల్కొలుపుటయే యొక తంతు. మొదట చేతిపంపు ఆడించి పెట్రోలునకు ఒత్తిడి కలిగింపవలెను. పిమ్మట కొంచెము పెట్రోలు సిలిండరులలోనికి చిమ్మవలెను. ఎక్కువైన ఇంజను మునిగిపోవును, తక్కువైన అంటుకొనదు. ప్రొపెల్లరు రెక్కలు కొన్ని తిరుగువఱకు లెక్కించి అప్పుడు నిప్పురవ్వ కలుగజేయవలెను. దగ్గి, పొగ క్రక్కి, ఒక్కొక్క సిలిండరే పలుకును. నూనె నలువది డిగ్రీల వేడి కెక్కువఱకు తొందరపెట్టరాదు. ఒక్కొక్క ఇంజనుకు మూడేసి పిడులు: ఒకటి బలమునకు, ఒకటి ప్రొపెల్లరు రెక్కల వాలునకు, ఒకటి గాలి పెట్రోలుల పాళ్లకు. నేల విడుచునపుడు ఇంజను నిమిషమునకు 2,700 మారులు తిరుగును. ఆ బలమును కొద్ది నిమిషములకు మించి ఉంచరాదు. దిగునపుడు ఒక్కసారిగా బలము తగ్గించిన కాగిన రాచ్చిప్పపై చన్నీళ్లు పోసినట్లగును. సిలిండరులు బీటలు వారును. ఉత్తమమైన అనుకరణలలో ఈ తప్పులన్నియు లెక్కకు వచ్చును. నేడు మొరటుగా నడిపినచో రేపటి ప్రయాణమున ఆ ఇంజనే మొరాయించును. పని నేర్చినవానికిని, నేర్వనివానికిని భేదము కనబడును. ఈ వేడుకయందలి రుచి అంతయు ఇందే యున్నది.

ఇటీవల హైదరాబాదులో మా స్నేహితురా లొకామె యింటికి ఒక రాత్రి అతిథులమై యుంటిమి. ఆమె మామగారు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధులు. ఆయన తండ్రి మద్రాసులో తపాలాశాఖ యందు ఉత్తరములు వేఱుచేయు ఉద్యోగి. 1949 జనవరి 30వ తేదీనుండి మన దేశమున రాత్రి విమానతపాలా మొదలయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి నాలుగు డకోటాలు ప్రతి రాత్రి బయలుదేరి నడిరేయి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి ఎవరి యూరికి వారు మరలుచుండెడివి. తండ్రి కట్టిన సంచులు ఆ విమానములలో పోవుచుండెనని ఈ పెద్దమనుష్యునకు బాల్యమునుండి జ్ఞాపకము. భార్య గతించిన పిదప ఆయన రాత్రులు నిద్రపట్టక, మనుమరాలి సాయముతో ఈ యనుకరణయంత్రమును నేర్చుకొని, వారమునకు రెండుసారులు మద్రాసునుండి నాగపురమునకు తపాలా మోయుచున్నారు.

మొదట మా స్నేహితురాలికి ఇది గిట్టలేదట. వేళకు భోజనము లేదు, గదిలో అర్ధరాత్రి వఱకు దీపము, విద్యుత్తు ఖర్చు, ఇల్లంతయు మ్రోత. అట్లుండగా వృద్ధునకు చూపు మందగించినది. దూరపు వెలుగులు కనబడును గాని ముల్లుల క్రింది చిన్న అంకెలు కనబడవు. ఒకనాడు గదిలోనుండి పిలిచి, "అమ్మాయీ, ఆ కుడిప్రక్క ముల్లు ఎంతమీద నున్నదో చెప్పి పొమ్మా" అని యడిగిరట. నాడు చెప్పి పోయినది. మఱునాడు కూర్చున్నది. నేడామె లేనిదే ఆ విమానము కదలదు.

దేశపటముపై మద్రాసునుండి నాగపురమునకు తిన్నగా గీత గీచినచో అది నెల్లూరిమీదుగా పోయి, కృష్ణను దాటి, ఓరుగల్లును తాకి, రామగుండము దగ్గఱ గోదావరిని దాటి, చంద్రపురము ప్రక్కనుండి సాగును. దూరము సుమారు 560 మైళ్లు. డకోటా గంటకు 160 మైళ్లు పోవును గనుక మూడున్నర గంటల ప్రయాణము. నేటి ఉపగ్రహమార్గదర్శిని వారు వాడరు. నాడు లేదు గనుక. గడియారము, దిక్సూచి, కాగితము, పెన్సిలు, ఇవియే సాధనములు. గాలి మాత్రము ఆనాటిది కాదు. ఆ రాత్రి మన యాకాశమున నిజముగ వీచుచున్న గాలినే యంత్రము తెచ్చి యిచ్చును.

మేము గదిలోనికి పోవునప్పటికి విమానము కృష్ణను దాటినది. తొమ్మిది గంటల నలువది నిమిషములకు ఓరుగల్లు దీపములు కనబడవలెను. ఆ వేళ వచ్చినది, పోయినది. క్రింద ఒక్క దీపమైనను లేదు. వృద్ధుడు మాటాడక ముందుకు వంగి చూచుచుండెను. మా స్నేహితురాలు కాగితము వంక చూచి, "మామయ్యగారూ, బయలుదేరునపుడు పడమటిగాలి లెక్కలో వేయలేదు" అనెను. గంటకు ఇరువది మైళ్ల పడమటిగాలి; రెండు గంటలకు పైబడిన ప్రయాణము; అనగా నలువది మైళ్లకు పైగా తూర్పునకు నెట్టబడియుందురు. "ఓరుగల్లుకు తూర్పున ఇంత చీకటి ఎక్కడనున్నది? ములుగు అడవి గదా! మనము దానిపై నున్నాము" అని యామె నిశ్చయించెను. అఱువది మైళ్ల దూరమునకు ఒక్క డిగ్రీ తప్పిన ఒక్క మైలు తప్పుదుమని నాటి చాలకుల సూత్రము. ఆ లెక్కను బట్టి దారికి మరలుటకు పండ్రెండు డిగ్రీలు, గాలికి ఎదురొడ్డుటకు ఏడు, మొత్తము ఇంచుమించు ఇరువది డిగ్రీలు ఎడమకు త్రిప్పుమని చెప్పెను. వృద్ధుడు త్రిప్పెను.

మఱి యిరువది నిమిషములకు వెన్నెలలో తెల్లని పెద్దచాఱ యొకటి కనబడినది. దానిలో ఉత్తరమునుండి వేఱొక చాఱ వచ్చి కలియుచున్నది. "కాళేశ్వరము!" అని మా స్నేహితురాలు కేక వేసినది. ప్రాణహిత గోదావరిలో కలియు చోటు. పుష్కరములకు పోయి తాను మునిగిన రేవు. ఇక సందేహము లేదు. తా మెక్కడ నున్నారో వేలు పెట్టి చూపగలరు. పటముపై ఆ సంగమమున చుక్క పెట్టి అచటనుండి క్రొత్త గీత గీచెను. అర్ధరాత్రికి ముందే నాగపురమున దిగిరి. ఏ చదువునను బోధింపని భూగోళమామెకు తీర్థయాత్రలవలన తెలిసియుండెను. అది యా రాత్రి పనికి వచ్చినది.

ఇట్టి వేడుకయందు లోపములు లేవని మేము చెప్పము. ఇంటి కుర్చీలో గడపిన గంటలు విమానచాలకుని పరీక్షకు లెక్కకు రావు. తెరపై విమానము కూలినను ఒక మీట నొక్కిన మరల ప్రాణము పోసికొనును. నిజమైన విమానము అట్లు కాదు. పైన చెప్పిన "మలబార్ ప్రిన్సెస్" 1950 నవంబరు 3వ తేదీన జెనీవా చేరబోవుచు ఆల్ప్సు పర్వతములలోని మాఁబ్లాఁ శిఖరము దగ్గఱ నేలకొరిగెను. అందున్న నలువదియెనిమిది మందిలో ఒక్కరును బ్రతుకలేదు. ఆ దారిని తెరపై వేడుకగా ఎగురువారు ఈ సంగతి మఱవకుండుట మర్యాద. నాటి ప్రయాణమును బంగారుకాలమని పొగడువారు నాటి మ్రోతను, కుదుపును, ప్రాణభయమును కూడ జ్ఞప్తియందుంచుకొనవలెను.

అయినను ఈ వేడుక వలన ఒక గొప్ప మేలు కలుగుచున్నది. చేతిలోని విద్య చేసినవానితోడనే నశించును. మన నాయనమ్మ పెట్టిన ఊరగాయలో ఆవపిండి ఎంత, ఎండ యెంత అనునది ఆమె యుండగా అడుగక, ఆమె పోయిన తరువాత విచారించినవార మెందఱము లేము? ఈ విమానములను నడిపిన ఇంజనీరులును, మార్గదర్శులును నేడు మిగులు కొద్దిమంది. వారి పుస్తకములను వెదకి, వారి మాటలు విని, ఆ మెలకువలను తెరపై నిలిపినవారు ఈ వేడుక గలవారే. నిజమైన విమానములను నిలుపుట రాజ్యములకే భారము. మన వాయుసేన 2018లో "పరశురామ" అను పేరుగల యొక డకోటాను పొంది వాడుకలోనికి తెచ్చుకొనుట అందుచేతనే విశేషమయ్యెను. సామాన్యులకు చేతనైనది ఈ యనుకరణమే.

ఇక స్త్రీల మాట. డకోటా కాలమున చాలకుల గదిలో స్త్రీకి చోటు లేకుండెను. ప్రేమ్ మాథుర్ అను నామె 1947లో విమానచాలకురాలుగా అధికారపత్రము పొంది, ఎనిమిది సంస్థల తలుపు తట్టెను. అన్నియు త్రోసిపుచ్చినవి. చేర్చుకొనినది మన హైదరాబాదునందలి దక్కన్ ఎయిర్‌వేసు ఒక్కటియే. అచట సహచాలకురాలుగా ఆమె డకోటాలను నడిపెను. అయినను విమానమునకు అధిపతిగా ఎడమకుర్చీ మాత్రము ఆమె కీయలేదు. నేడు మన దేశమందలి విమానచాలకులలో నూటికి పదిమందికి పైగా స్త్రీలు గలరు. ఇది ప్రపంచమందలి సగటుకంటె మిక్కిలి హెచ్చు. బేగంపేటనుండి ఎవరికిని తెలియక మొదలైన యొక దారి ఎంత దూరము వచ్చినదో చూడుడు.

కాబట్టి సోదరీమణులకు మేము చెప్పున దేమన: గదిలోనుండి ఇంజనుల మ్రోత వినవచ్చినచో తలుపు వేసి విసుగుకొనకుడు, తలుపు తీసి ప్రక్కన కూర్చుండుడు. వేళకు భోజనము, కన్నులకు విశ్రాంతి, గంటకొకసారి లేచి నడచుట, ఇవి చాలకునకు విధింపవలసిన నిబంధనలు. వ్యయమునకు హద్దు పెట్టుడు. సామాన్యమైన కంప్యూటరును, ఒక చిన్న పిడియును ఆరంభమునకు చాలును. ఆడపిల్లలున్న యింట వారిని ముందుగా కూర్చుండబెట్టుడు. దిక్కు, కాలము, దూరము, గాలి, ఇవి లెక్కల పుస్తకములో చేదుగానుండును గాని ఇచట ఊరు చేర్చును.

మేము సెలవు తీసికొనునపుడు మా స్నేహితురాలు ఆ రాత్రి ప్రయాణమును ఒక నోటుపుస్తకములో వ్రాయుచుండెను. అందు చాలకుని గడిలో మామగారి పేరు, మార్గదర్శి గడిలో తన పేరు ఉన్నవి. పదేండ్ల మనుమరాలు ప్రక్కన నిలిచి తనకొక గడి గీయుమని మారాము చేయుచుండెను. వృద్ధుడు నవ్వి, "వచ్చువారము నీవు ఎడమకుర్చీలో కూర్చుండుము, నేను కుడిప్రక్కకు వచ్చెదను. అంకెలు మీ యమ్మ చదువును" అనెను. ఆ వాగ్దానము నెఱవేఱినదని తరువాత తెలిసి సంతోషించితిమి.